పెట్రోలు లేని రోజుల్లో కార్ల పత్రిక

1942 అక్టోబరు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ఇంగ్లండులో చీకటి పడింది. వీధిలో ఒక్క దీపం లేదు. వెలుతురు బయటికి పొక్కకుండా ప్రతి కిటికీకీ మందపాటి నల్లగుడ్డ. మీరు గోడ పట్టుకుని నడుస్తున్నారు. కాలిబాట అంచుకు కొట్టిన తెల్లరంగు గీతే మీకు దారి. ఎదురుగా ఓ కారు నెమ్మదిగా వస్తోంది. హెడ్‌లైటుకు తొడుగు వేశారు. దాని చీలికల్లోంచి చారెడు వెలుగు నేల మీద పడి కదులుతోంది. అది డాక్టరుగారిదో సైన్యానిదో అయ్యుంటుంది. సరదాకు కారు తీసే రోజులు పోయాయి. సొంత కార్లకు అంతో ఇంతో ఇస్తున్న పెట్రోలు కోటాను ఈ జులై నుంచి పూర్తిగా ఎత్తేశారు.

కొంచెం ఆగి, ఆ ఇంటి పక్క షెడ్డులోకి తొంగి చూడండి. దుప్పటి కప్పిన కారు ఒకటి చెక్క దిమ్మల మీద నిలబడి ఉంది. చక్రాలు విప్పేశారు, బ్యాటరీ తీసేశారు. ఫిబ్రవరిలో సింగపూరు జపాను చేతికి చిక్కింది. మలయా రబ్బరు తోటలు అంతకు ముందే పోయాయి. ఇక టైరు అరిగితే కొత్తది దొరకడం కల్ల. మామూలు జనానికి కార్లు తయారుచేయడం ఫ్యాక్టరీలు 1940లోనే మానేశాయి. కార్ల పందేలు యుద్ధం మొదలైన నెలలోనే ఆగిపోయాయి.

ఇలాంటి దేశంలో ఒకాయన ప్రతి నెలా కార్ల పందేల పత్రిక తెస్తున్నాడు. మనం వెళ్తున్నది ఆయన దగ్గరికే.

లోపలికి వచ్చి తలుపు వెంటనే మూసేయండి, వెలుతురు బయటపడకూడదు. బల్ల ముందు కూర్చున్నాయన పేరు విలియం బాడీ. అందరూ బిల్ అంటారు. వయసు 29. పగలంతా ప్రభుత్వ కొలువులో విమానాలకు సంబంధించిన సాంకేతిక పుస్తకాలు రాస్తాడు. సంపాదకత్వం సాయంత్రాల్లో, సెలవు రోజుల్లో సాగుతుంది. పత్రిక పేరు ‘మోటార్ స్పోర్ట్’. 1924 జులైలో ‘బ్రూక్‌లాండ్స్ గెజెట్’ అన్న పేరుతో పుట్టి, మరుసటి ఏడాది ఈ పేరు పెట్టుకుంది. బాడీ అందులో మొదటిసారి రాసింది 1930లో. అప్పటికి ఆయనకు పదిహేడేళ్ళు. 1936లో సంపాదకుడయ్యాడు. మూడేళ్ళు తిరిగేసరికి పత్రికకు ఆధారమైన లోకమే మూతపడింది.

ఆయన పక్కన కూర్చుని, ఆయనకున్న చిక్కేమిటో ఒకసారి ఆలోచించండి. వచ్చే నెల సంచికలో ఏం వేయాలి? రాయడానికి పందెం లేదు. నడిపి చూసి బాగోగులు చెప్పడానికి కొత్త కారు లేదు. పాత కారులో ఊరు తిరిగొచ్చి రాద్దామన్నా పెట్రోలు లేదు. ఫలానా వేగపు రికార్డు బద్దలైందని రాయడానికి బద్దలుకొట్టేవాడు బాంబర్ విమానంలో ఉన్నాడు. ఏ పత్రికకైనా రాసేవాళ్ళ కొరత రావచ్చు, కొనేవాళ్ళ కొరత రావచ్చు. రాయాల్సిన విషయమే లోకంలో లేకుండా పోవడం చాలా అరుదు.

దారి ఆ బల్ల మీదే ఉంది. ఆ ఉత్తరాల కట్టలు చూడండి. కొన్ని సైనిక శిబిరాల నుంచి వచ్చాయి. ఎక్కడ ఉన్నదీ రాయకూడదు కాబట్టి చిరునామాలో ఊరి పేరుండదు. ఒకటి విప్పండి. యుద్ధం మాటే లేదు. పదేళ్ళ కిందట కొన్న ఆస్టిన్ సెవెన్ గురించి నాలుగు పేజీలు. ఆ కారు ఇంజను 747 సీసీ, మన ఇప్పటి చిన్న కార్ల ఇంజన్ల కన్నా చిన్నది. దాన్ని ఎలా విప్పాడో, బరువు తగ్గించడానికి ఏమేం పీకేశాడో, ఏ కొండెక్కేటప్పుడు ఆగిపోయిందో, చివరికి ఎవరికి అమ్మి బాధపడ్డాడో అన్నీ ఉన్నాయి. ఇంకొకరిది ఫ్రేజర్ నాష్. గేరుకో గొలుసు చొప్పున వెనక ఇరుసును తిప్పే వింత బండి. ఆ గొలుసులకు నూనె పెట్టే పద్ధతి మీదే ఆయనకు రెండు పేజీలు పట్టింది. మరొకరు తన పాత బెంట్లీని తలుచుకుంటున్నాడు. అది ఇప్పుడు ఎక్కడుందో ఎవరైనా చూస్తే చెప్పండి అని వేడుకుంటున్నాడు.

బాడీ వీటిని పత్రికకు వెన్నెముక చేశాడు. ‘నేను వాడిన కార్లు’ అని అర్థమొచ్చే శీర్షిక కింద పాఠకులే తమ కార్ల చరిత్రలు వరుసగా రాశారు. యుద్ధకాలపు సంపాదకులు చేసిన పనుల్లో నాకు చాలా గొప్పగా తోచేది ఇది. పందెం ఫలితం నెల తిరిగేసరికి పాతబడుతుంది. ఒక మనిషి తన మొదటి కారును ఎంత డబ్బుకు, ఎవరి దగ్గర, ఏ లోపాలతో కొన్నాడన్నది పాతబడదు. పైగా అవి కంపెనీ చెప్పే మాటలు కావు. ఏ భాగం ఎన్ని మైళ్ళకు అరిగిందో జేబులోంచి డబ్బు పెట్టినవాడు చెబుతున్నాడు. ఆ పాత కార్ల చరిత్ర రాయాలనుకున్నవాళ్ళకు ఈ వ్యాసాలే తర్వాత మూలాధారాలయ్యాయి.

ఉత్తరాలు పక్కన పెట్టి కాగితం లెక్క చూడండి. అసలు కష్టం ఇక్కడుంది. 1940 ఏప్రిల్లో జర్మనీ నార్వేను ఆక్రమించింది. బ్రిటన్ కాగితపు మిల్లులకు వచ్చే గుజ్జులో చాలా భాగం అటునుంచే వచ్చేది. అది ఆగిపోగానే ప్రభుత్వం ప్రచురణకర్తలందరికీ కోటా పెట్టింది. యుద్ధానికి ముందు ఎంత వాడారో చూసి అందులో ఇంత శాతమే ఇస్తామంది. కొత్త పత్రికలు పెట్టడాన్ని నిషేధించింది. కోటా రానురాను చిక్కిపోయింది. ఆ రోజుల్లో మన దగ్గరా పత్రికలు కాగితం కరువుతోనే సన్నబడ్డాయి.

ఉన్న కాగితాన్ని ఎలా వాడాలి? పేజీలు తగ్గిస్తే ఈ ఉత్తరాలకు చోటుండదు. ప్రతులు తగ్గిస్తే ఎక్కడో శిబిరంలో ఎదురుచూస్తున్నవాడికి పత్రిక అందదు. చిన్న పత్రికకు ఈ రెండో నష్టం ప్రాణం మీదికి వస్తుంది. పెద్ద దినపత్రికను వదిలిన పాఠకుడి చోట మరొకడు చేరతాడు. పాత స్పోర్ట్స్ కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు దేశం మొత్తంలో ఎందరుంటారు? వాళ్ళలో ఒకడు జారిపోతే ఆ చోటుకు వచ్చేవాడు లేడు. అందుకే పేజీలు తగ్గుతాయి, అక్షరం సైజు తగ్గుతుంది, మార్జిన్లు తగ్గుతాయి. రెండు వరుసల మధ్య ఖాళీ కూడా తగ్గుతుంది. దీపం దగ్గరికి జరిపితే తప్ప చదవలేనంత కిక్కిరిసిన పేజీ తయారవుతుంది. అందం పోయిందని ఎవరూ అనుకోరు. ఇంత చోటులో ఇంత విషయం పట్టిందని సంతోషిస్తారు.

అమ్మకంలోనూ పాత పద్ధతి పోయింది. ఇదివరకు దుకాణదారుడు పదిహేను ప్రతులు తెప్పించి, మిగిలినవి వెనక్కి పంపేవాడు. కాగితం వృథా అవుతుందని ఆ వెసులుబాటు తీసేశారు. మీకు పత్రిక కావాలంటే దుకాణంలో ముందే చెప్పి పెట్టుకోవాలి. అలా చెప్పుకున్న ఒక్కడి ప్రతి అతనితో ఆగదు. స్నేహితుడికి, అతని నుంచి మరొకడికి, అట్ట నలిగి ఊడేదాకా తిరుగుతుంది.

ఇక ప్రకటనలు. కొత్త కారు లేనప్పుడు కార్ల కంపెనీ ఏం ప్రకటించుకుంటుంది? పెద్ద కంపెనీలు విమానాల ఇంజన్లూ ట్యాంకులూ చేస్తున్నాయి. యుద్ధం గెలిచాక మళ్ళీ మీ ముందుకు వస్తామని పేరు మరిచిపోకుండా ఓ ముక్క వేయించుకునేవాళ్ళున్నారు. వాళ్ళతో పాటు పాత కార్ల వ్యాపారులు, విడిభాగాలవాళ్ళు. వీటన్నిటికన్నా ముందు పాఠకుడి కళ్ళు వెతికేది రెండు మూడు వరుసల చిన్న ప్రకటనల్ని. ఫలానా కారు అమ్మబడును, ఫలానా కారుకు గేరుబాక్సు కావలెను. నడపడానికి వీల్లేని రోజుల్లో వాటిని చదివి ఏం లాభమంటారేమో. యుద్ధం ముగిసిన రోజున ఏ కారు తీసుకుని రోడ్డెక్కాలో జనం అప్పుడే తేల్చుకుంటున్నారు.

ప్రూఫులు చేతికొచ్చాయి, లండన్ అచ్చాఫీసు దాకా వెళ్దాం. 1940 డిసెంబరు 29 రాత్రి పడిన బాంబులకు సెయింట్ పాల్స్ కెథడ్రల్ పక్కనే ఉన్న ప్రచురణకర్తల వీధి, పేటర్‌నోస్టర్ రో, లక్షలాది పుస్తకాలతో సహా కాలిపోయింది. అచ్చు పని చేసేవాళ్ళు ఆ మంటను మరిచిపోలేదు. కరిగిన సీసం వాసన, లైనోటైప్ యంత్రం టకటకలు. కుర్రాళ్ళంతా సైన్యంలోకి వెళ్ళగా మిగిలిన పెద్దవాళ్ళు వరుసలు పేరుస్తున్నారు. ఇక్కడ ఎక్కువసేపు ఉండొద్దు, పని పాడుచేసినవాళ్ళమవుతాం.

బ్రూక్‌లాండ్స్‌ను మాత్రం చూసి తీరాలి. లండన్‌కు నైరుతిన, సర్రేలో ఉంది. 1907లో తెరిచారు. మోటారు పందేల కోసమే కట్టిన ట్రాకుల్లో ప్రపంచంలో మొట్టమొదటిది. చుట్టుకొలత నాలుగు కిలోమీటర్లకు పైనే. మలుపుల్లో కాంక్రీటు గోడలా పైకి లేస్తుంది. ఆ గోడ మీద 1935లో జాన్ కాబ్ తన నేపియర్ రెయిల్టన్‌ను గంటకు 143.44 మైళ్ళ సగటున నడిపి రికార్డు పెట్టాడు. చివరి పందెం 1939 ఆగస్టు 7న జరిగింది. యుద్ధం వచ్చాక ఈ ఆవరణలో వికర్స్ కంపెనీ వెల్లింగ్టన్ బాంబర్లు, హాకర్ కంపెనీ హరికేన్ యుద్ధవిమానాలు తయారుచేశాయి. 1940 సెప్టెంబరు 4న వికర్స్ ఫ్యాక్టరీ మీద బాంబులు పడి ఎనభై మందికి పైగా పనివాళ్ళు చనిపోయారు. ట్రాకు మీదే షెడ్లు లేచాయి. పైనుంచి శత్రువుకు కనపడకుండా చెట్లు నాటారు. దారి కోసం కాంక్రీటును కోసేశారు.

బాడీకి ఇది కుర్రతనం నుంచీ గుడి. పత్రికకు మొదటి పేరిచ్చింది ఈ చోటే. దేశానికి విమానాలు కావాలి, అందులో ఆయనకు పేచీ లేదు. యుద్ధం ముగిశాక ట్రాకు మళ్ళీ తెరుస్తారన్న ఆశ మాత్రం ఆ రోజుల్లో చాలామందికి ఉంది. అది నెరవేరలేదు. 1946లో ట్రాకును వికర్స్‌కు అమ్మేశారు. బాడీ కూర్చుని బ్రూక్‌లాండ్స్ చరిత్రను మూడు సంపుటాలుగా రాశాడు. ఎవరు ఏ రోజున ఏ కారుతో ఎంత వేగం అందుకున్నారో ఈనాడు మనకు తెలుస్తోందంటే అందులో పెద్ద పాలు ఆయన శ్రమది.

1945 జూన్‌లో సొంత కార్లకు మళ్ళీ పెట్రోలిచ్చారు. దిమ్మల మీంచి కార్లు దిగాయి. పత్రిక పట్టు వదలకుండా కాపాడుకున్న మనుషులు ఒకరికొకరు కనిపించడం అప్పుడు మొదలైంది. ఆస్టిన్ సెవెన్‌ల కోసం 1939లో బాడీ ముందు నిలిచి పెట్టించిన 750 క్లబ్ యుద్ధాన్ని దాటుకుని వచ్చింది. చేతిలో డబ్బు లేని కుర్రాళ్ళు పాత ఆస్టిన్ సెవెన్ భాగాలతో పందెపు కార్లు కట్టుకునే చోటు అది. లోటస్ కార్ల కంపెనీ స్థాపించిన కోలిన్ చాప్‌మన్ అక్కడ చేయి తిరిగినవాడే. పందెపు కార్ల కంపెనీ లోలా స్థాపించిన ఎరిక్ బ్రాడ్లీ కూడా.

యుద్ధకాలంలో ఫార్న్‌బరో విమాన పరిశోధన కేంద్రంలో పనిచేస్తూ బాడీకి పరిచయమైన కుర్రాడు డెనిస్ జెన్కిన్సన్. తర్వాత ఈ పత్రికకే యూరప్ విలేఖరి అయ్యాడు. 1955 మే 1న ఇటలీలో మిల్లే మిల్యా పందెంలో బ్రిటిష్ డ్రైవరు స్టిర్లింగ్ మాస్ పక్క సీట్లో కూర్చున్నది ఆయనే. దారిలోని ప్రతి మలుపునూ ముందే ఓ పొడవాటి కాగితపు చుట్ట మీద రాసుకున్నాడు. చుట్ట తిప్పుతూ, చేతి సైగలతో మలుపులు చెబుతూ కూర్చున్నాడు. వెయ్యి మైళ్ళ దారి పది గంటల ఏడు నిమిషాల 48 సెకన్లలో ముగిసింది. సగటు వేగం గంటకు 157 కిలోమీటర్ల పైచిలుకు. ఆ అనుభవాన్ని జూన్ సంచికలో రాశాడు. పందెపు కారులోంచి రాసిన కథనాల్లో దానికి సాటి వచ్చేది నేను చదవలేదు.

కాగితం పుష్కలమయ్యాక కష్టం మరో వైపు నుంచి వచ్చింది. 1950లలో బాడీ జర్మనీ ఫోక్స్‌వాగన్ బీటిల్‌ను మెచ్చుకుంటూ రాశాడు. ప్రకటనలిచ్చే బ్రిటిష్ కార్ల పరిశ్రమకు అది కంటగింపయింది. ఆయన మాట మార్చలేదు. ప్రకటనలు తగ్గిపోయినప్పుడు పత్రికను బతికించింది పాఠకులేనని ఆయన యుద్ధంలో కళ్ళారా చూశాడు. వాళ్ళకు అబద్ధం చెప్పి ఎవరిని నిలుపుకోవాలి?

బాడీ 1991 దాకా సంపాదకుడిగా ఉన్నాడు. 2011లో 98 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. పత్రిక నేటికీ నెలనెలా వస్తోంది, 750 క్లబ్ నేటికీ పందేలు నడుపుతోంది.

ఒక మాట మీతో. మన ఇళ్ళలోనూ కార్ల చరిత్రలున్నాయి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. దాన్ని నడిపినవాళ్ళు, విప్పి బిగించిన విజయవాడ ఆటోనగర్ మేస్త్రీలు పెద్దవాళ్ళవుతున్నారు. మీ నాన్నగారి కారు ఏ సంవత్సరం కొన్నారో, నంబరేమిటో, ఎక్కడ ఆగిపోయిందో, ఎవరు బాగుచేశారో అడిగి రాసిపెట్టండి. మీ ఊళ్ళో ఏ చిన్న పత్రిక వస్తుంటే దానికి పంపండి. పంపేటప్పుడు చందా కూడా కట్టండి.