నీట మునిగిన రాజ్యము – నిలిచిన పేర్లు

కొన్ని రాజ్యములు బలముచే నిలిచినవి; కొన్ని ధనముచే నిలిచినవి. మానమును, పితృభక్తిని పునాదిగా నుంచుకొని నిలిచిన రాజ్యములను గూర్చి కథలయందు వినుచుందుము. నడిసముద్రమున నొక ద్వీపము, అందు తమ పూర్వులను దేవతలవలె గొలుచు ప్రజలు, మాట కొఱకు ప్రాణములిచ్చు వీరులు – ఇట్టి కథలు వినుటకు ఇంపుగా నుండును. కాని వానికై సముద్రములు దాటి పోనక్కఱలేదు. అట్టి రాజ్యమొకటి మన కృష్ణానదీ తీరముననే వెలసినది. దాని రాజధానియందలి కొండ నేడు నిజముగనే ద్వీపమై యున్నది. ఆ రాజ్యము విజయపురి యిక్ష్వాకులది. ఆ ద్వీపము నాగార్జునకొండ.

శాతవాహనుల ప్రాభవము సన్నగిల్లిన పిమ్మట, క్రీ.శ. 3వ శతాబ్దమున, వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు స్వతంత్రుడై విజయపురి నేలెను. ఆయన పిదప మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, ఎహువల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు రాజ్యము చేసిరి. వీరు శ్రీరాముడు పుట్టిన వంశము పేరునే తమ వంశమునకు పెట్టుకొనిరి. అంతేకాదు, తల్లి గోత్రనామమును తమ పేరునకు ముందుంచుకొనిరి. పూర్వుల పేరు ధరించుట యనగా ఆ పేరునకు తగినట్లు బ్రతుకుదునని మాట యిచ్చుటయే గదా!

మొదటి శాంతమూలుడు అశ్వమేధము చేసెననియు, కోట్లకొలది బంగారమును, లక్ష గోవులను, లక్ష నాగళ్లను దానమిచ్చెననియు శాసనములు చెప్పుచున్నవి. లెక్కలు వ్రాయుటకు అలవాటుపడిన నావంటివాడు ఈ లక్షలను జూచి కొంచెము సంశయించును. రాజుల దానములలో సున్నలు సులభముగా పెరుగును. ఐనను బంగారముతో సమానముగా నాగలిని లెక్కించిన రాజు రైతుల రాజని చెప్పుటకు సందేహింపను. ఆ రాజు వైదిక క్రతువులు చేయగా, ఆయన సోదరి శాంతిశ్రీ బౌద్ధ మహాచైత్యమును నిర్మింపజేసెను. సింహళద్వీపపు భిక్షువులకును ఆ నగరమున విహారముండెను. ఒకే యింట రెండు మతములు కలహింపక నిలిచినవి.

ఇక పితృభక్తి మాట. విజయపురిలో ఛాయాస్తంభములను రాతికంబములు దొరకినవి. ఛాయ యనగా నీడ, ప్రతిరూపము. మరణించినవాని రూపమును రాతిపై చెక్కి, వాని పేరు వ్రాసి నిలుపునదే ఛాయాస్తంభము. శాంతమూలుడు స్వర్గస్థుడైన పిమ్మట, ఆయన కుమారుని 20వ పాలనా సంవత్సరమున, ఆయన తల్లులు, తోబుట్టువులు, భార్యలు కలిసి ఆయనకు స్తంభమెత్తించిరి. రుద్రపురుషదత్తుని 11వ సంవత్సరమున ఆయన తల్లి వమ్మభట్టకు స్తంభము నిలిపిరి. రాజులకు స్మారకములుండుట వింతకాదు. ఇచ్చట వింత యేమనగా, సేనానులకును, యుద్ధమున గూలిన భటులకును, తుదకు ఒక శిల్పికిని ఛాయాస్తంభములు లేచినవి. ఉలి పట్టినవాని పేరును రాజు పేరువలెనే రాతికెక్కినది. ఆ రాజ్యపు మానమునకు నేను గురుతుగా భావించునది అశ్వమేధము కాదు, ఈ శిల్పి స్తంభమే.

మానమునకు రెండవ ముఖమును కలదు. ఆ ప్రాంతముననే, సుమారు తొమ్మిది వందల యేండ్ల తరువాత, 12వ శతాబ్దమున పల్నాటి యుద్ధము జరిగినది. కోడిపందెముతో ముదిరిన పంతము కారెంపూడి కడ రక్తపుటేరై ప్రవహించెనని వీరగాథలు చెప్పుచున్నవి. నేటికిని కార్తీక మాసాంతమున కారెంపూడిలో ఐదు దినములు వీరారాధనోత్సవము జరుగును. వీరుల ఆయుధములకు పూజలు సల్పుదురు. బ్రహ్మనాయుని చాపకూటిని, ఆయనకు కొడుకువంటి మాల కన్నమదాసుని ప్రజలు నేటికిని తలచుచున్నారు. పంతము రెండు పక్షములను కూల్చినది. కులభేదము లేక ఒక్కచాపపై తినిన కూడు మాత్రము జనుల నోట నిలిచినది. మానమన నెదుటివానిని ఓడించుట కాదనియు, తనతో నున్నవానిని మఱవకుండుటయే యనియు ఇందువలన తెలియుచున్నది.

ఇక్ష్వాకుల రాజ్యము సుమారు నూఱేండ్లు సాగి యంతరించెను. నగరము మట్టిలో గలిసిపోయెను. 1926లో శాసనములు, స్తంభములు మరల వెలుగులోనికి వచ్చినవి. 1955లో నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగెను. లోయ మునుగుట నిశ్చయమైనందున 1954 నుండి 1960 వఱకు పురావస్తుశాఖవారు లోయను విరివిగా త్రవ్వి, ముఖ్యమైన కట్టడములను కొండపైకిని, ఒడ్డునకును తరలించి మరల నిలిపిరి. 1967లో కాలువలకు నీరు విడువబడినది. లోయ జలాశయమయ్యెను, కొండ ద్వీపమయ్యెను. నీరు మన పొలములకు అన్నము పెట్టినది, సత్యము. ఆ అన్నమునకు వెల యొక లోయ, అందలి పల్లెలు.

ఈ కథ మన సిద్దిపేట వారికి దూరపు కథ కాదు. 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైన మల్లన్నసాగర్ జలాశయము క్రింద వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ మున్నగు మన పొరుగూళ్లు మునిగినవి. ఆ యూళ్లతో మనకు వియ్యములుండెను, అంగడి బేరములుండెను. ఇండ్లకు, భూములకు పరిహారము లెక్కగట్టవచ్చును. తాత సమాధికి, పొలిమేర రాతికి, పోచమ్మ గుడికడ వేపచెట్టునకు ఏ పద్దు క్రింద వెల వ్రాయగలము? విజయపురి రాజధాని గనుక త్రవ్వి తీయుటకు పండితులు వచ్చిరి. చిన్న గ్రామమునకు అట్టి భాగ్యము అరుదు. దాని చరిత్రను దాని బిడ్డలే వ్రాసికొనవలెను.

మనము పెత్రమాస నాడు పెద్దల పేర బియ్యమిచ్చుచున్నాము. తండ్రి, తాత, ముత్తాత – మూడు తరముల పేర్లు చెప్పవలసిన వేళ మూడవ పేరు కడ పెక్కుమంది నోరు తడబడును. నూఱేండ్లు గడవకముందే ముత్తాత పేరు పోయినది. పదునేడు వందల యేండ్లు గడచినను విజయపురి శిల్పి పేరు మిగిలినది. భేదమొక్కటే: అది వ్రాయబడినది, ఇది వ్రాయబడలేదు.

కావున ఈ రజతోత్సవ సమయమున మన గ్రంథాలయ సభ్యులకు నాదొక విన్నపము. ఇరువదియైదేండ్లుగా మనము పరుల గ్రంథములను అలమారులలో చేర్చితిమి. ఇకపై మన యూరి గ్రంథమొకటి అచట చేరవలెను. ఇంటింటికిని పోయి వృద్ధులనడిగి మూడు తరముల పేర్లను, వారు చేసిన పనిని వ్రాయుడు. దున్నినవాడు, నేసినవాడు, కుండ చేసినవాడు, చెఱువు కట్టపై మట్టి మోసిన స్త్రీ – ఎవ్వరిని విడువకుడు. పొలిమేరలో ఒరిగిపోయిన వీరగల్లులను నిలిపి, వానిపై నక్షరములున్నచో నకలు తీయుడు. వలస పోయి వచ్చిన పొరుగూరివారి పేర్లను సైతము, వారి యూరి పేరుతో కలిపి, అందు చేర్చుడు.

నీరు రావచ్చును, రాజ్యము పోవచ్చును. పేరు వ్రాసియుంచిన యూరు మాత్రము పూర్తిగా మునుగదు.