పాటల పేర్లు, పాటల మూలములు

జనగామ జిల్లాలోని పాలకుర్తితో పేరు ముడివడిన పాల్కురికి సోమనాథుడు, పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదములు, వెన్నెల పదములు, గొబ్బి పదములు మున్నగు జనుల పాటలను పేర్కొనెను. ఊరూర చెదరియున్న పాటల పేర్లు అట్లు ఒకచోట చేరినవి.

కంప్యూటరులోను ఇట్టి ఏర్పాటు కలదు. 1969లో బెల్ ప్రయోగశాలలో ఆరంభమైన యూనిక్స్‌కు, 1983 నాటి బర్క్‌లీ కూర్పులో ‘సింబాలిక్ లింకు’ చేరెను. వేర్వేరు ఫోల్డర్లలోని పాటల ఫైళ్లను కదల్పకయే, ‘ఎల్ఎన్ -ఎస్’ అను ఆజ్ఞతో వాటి చిరునామాలను ఒకే ఫోల్డరులో కూర్చవచ్చును. ప్రతులు పెరుగవు, స్థలము వృథా కాదు.

అయితే మూలపు ఫైలు చెరిగినచో లింకు మిగులును, పాట వినబడదు. సోమనాథుడు పేర్కొన్న పాటలకును ఇదే గతి పట్టినది: పేర్లు నిలిచినవి, ఆనాటి పాటలు చాలవరకు దక్కలేదు. కావున లింకు కూర్చువారు ముందుగా మూలమునకు మరొక ప్రతి భద్రపరచవలెను.