కోయల వంశచరిత్ర: పాటయందును, దేహమునందును

ఒక కుటుంబము పూర్వోత్తరములు తెలిసికొనుటకు శాసనములు, కైఫీయతులు, భూమిపట్టాలు సాధారణముగా ఆధారములగుచుండును. ఖమ్మం మైదానము దాటి భద్రాచలము అడవులలో ప్రవేశించినచో ఇట్టి వ్రాతలు అరుదు. అంతమాత్రమున అచ్చటి కోయలకు వంశచరిత్ర లేదనుకొనరాదు. అది రెండు తావుల భద్రమై యున్నది. ఒకటి డోలివారి పాట. రెండవది ప్రతి మనుష్యుని దేహము.

కోయ సమాజము గట్టులుగా ఏర్పడినది. మూడవ గట్టు, నాల్గవ గట్టు, ఐదవ గట్టు అని వీనికి సంఖ్యలే పేర్లు. ఒకే గట్టులోని ఇంటిపేర్లవారెల్లరు అన్నదమ్ముల వరుసవారు; వారిలో వారికి పెండ్లిండ్లు కుదరవు. గట్టునకు వేల్పు గలదు. వేల్పు కొలుపులందు డోలివారు పడిగె యను చిత్రించిన గుడ్డను ముందుంచి, డోలు వాయించుచు ఆ వేల్పు కథను, వంశక్రమమును గానము చేయుదురు. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యగారు ఈ విద్యయందు ప్రసిద్ధులు. 2022లో భారత ప్రభుత్వము వారిని పద్మశ్రీతో సత్కరించినది. 2024లో వారు దివంగతులైరి.

ఇక రెండవ ఆధారము. దేహమందలి దాదాపు ప్రతి జీవకణమునను డి.ఎన్.ఏ. యను సన్నని పోగు గలదు. అందు ఒక భాగము తల్లి నుండియే బిడ్డలకు వచ్చును. వై క్రోమోసోమను మరియొక భాగము తండ్రి నుండి కుమారునకే వచ్చును. ఎప్పుడో ఒక తరమున కలిగిన చిన్న మార్పు తరువాతి తరములకు సంక్రమించును. అట్టి మార్పులను పోల్చి, ఎవరి శాఖ ఎవరి శాఖతో ఎంత కాలము క్రిందట కలిసియుండెనో శాస్త్రజ్ఞులు లెక్కింతురు.

కోయలను, నల్లమల చెంచులను ఇట్లు పరిశీలించిన వ్యాసము 2003లో అమెరికాలోని మానవజన్యుశాస్త్ర పత్రికయందు వెలువడినది. ఈ రెండు జాతుల తల్లి వరుసలు భారతదేశమునకే ప్రత్యేకమైన ప్రాచీన శాఖలలో చేరినవనియు, ఆ శాఖలే దేశమంతట వివిధ కులములవారియందును కనబడుచున్నవనియు తేలినది. ఆ శాఖల మూలము పదులవేల సంవత్సరముల నాటిది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు విదేశీయ శాస్త్రజ్ఞులతో కలిసి 2013లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, సుమారు 4,200 నుండి 1,900 సంవత్సరముల క్రిందటి వరకు ఈ దేశపు జనసమూహములు విరివిగా కలిసికొనినవి. వివాహముల కట్టుబాటు బిగిసినది ఆ పిమ్మటనే. అడవివారిని వేరు మనుష్యులుగా చూచు ఊరివారు గ్రహింపదగిన సత్యమిది.

అయినను ఈ పరీక్షకు హద్దులు గలవు. పదితరములు వెనుకకు పోయినచో ఒక వ్యక్తికి పూర్వికుల స్థానములు 1,024. తల్లి వరుస పరీక్ష అందొక స్థానమును, తండ్రి వరుస పరీక్ష మరియొక స్థానమును మాత్రమే చూపును. పూర్వికుని పేరు, ఇంటిపేరు, వేల్పు, విడిచివచ్చిన ఊరు దానికి తెలియవు. నాల్గవ గట్టువాడెవడో, ఐదవ గట్టువాడెవడో రక్తపుబొట్టు చెప్పజాలదు. అది చెప్పగలిగినది పాటయే.

ఆ పాటకు నేడు ఆపద కలిగినది. 1959లో భద్రాచలము ప్రాంతము తూర్పుగోదావరి నుండి ఖమ్మం జిల్లాలో చేరినది. 2014లో పోలవరము కారణముగా కూనవరం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మొదలగు మండలములు ఆంధ్రప్రదేశమున కలిసినవి. ఒకే గట్టు బంధువులు రెండు రాష్ట్రముల వారైరి. ముంపు వలన ఊళ్లు విడిచి పునరావాస కాలనీలకు చేరిన కుటుంబములును గలవు. వేల్పు గద్దె మునిగి, కొలుపు ఆగి, వినువారు చెదరినచో డోలివాని కుమారుడు ఆ విద్యను ఎవరికొరకు నేర్చును?

దేహమందలి లిపి మనుష్యుడున్నంత కాలము నిలుచును. దానిని రేపటి శాస్త్రజ్ఞుడైనను చదువగలడు. కంఠమందలి చరిత్ర పాడువానితోనే పోవును. కావున పల్లెలలో పడిగె విప్పిన దినమున, ఆ కుటుంబముల అనుమతితో, గట్టు, ఇంటిపేరు, వేల్పు, పాత ఊరు వరుసగా వ్రాయించి గ్రంథాలయమున భద్రపరచుట అత్యవసరము. ఇందులకు కావలసినది ఒక నోటుపుస్తకము, వినుటకు ఓపిక గల ఒక యువకుడు.