చిలకలూరిపేట బస్సులో మ్యూనిక్ నాదస్వరం

నరసరావుపేట బస్టాండు దాటింది బస్సు. కిటికీ పక్క సీటు మీదే. వేడిగాలి మొహానికి కొడుతోంది, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. మ్యూనిక్ బృందం ఎంబ్రియో 1973లో విడుదల చేసిన ‘వీ కీప్ ఆన్’ ఆల్బం పెట్టుకున్నారు.

క్రిస్టియన్ బుర్ఖార్డ్ డ్రమ్స్ అందుకున్నాడు. డీటర్ మీకౌచ్ ఎలక్ట్రిక్ పియానో కింద నుంచి మోస్తోంది. రోమన్ బుంకా గిటారు వింటూ ఇది రాక్ అనుకుంటారు. కాసేపటికి జాజ్‌లా విచ్చుకుంటుంది. ఇంతలో అదే బుంకా సాజ్ అనే తీగల వాద్యం పట్టుకుంటాడు, పాట టర్కీ వైపు తిరుగుతుంది. దేనికదే అనుకున్నవి ఒకదాన్నొకటి తోసుకోకుండా నడుస్తున్నాయి. దూరంగా కోటప్పకొండ మూడు శిఖరాలూ బస్సుతో పాటే వస్తున్నాయి.

ఇక్కడ కొంచెం చెవి ఒగ్గండి. చార్లీ మరియానో ఉన్నాడు ఇందులో. బోస్టన్‌లో పుట్టిన సాక్సఫోన్ విద్వాంసుడు. 1960ల్లో మలేసియా రేడియో ఆర్కెస్ట్రాతో పని చేయడానికి వెళ్ళి, అక్కడ నాదస్వరం విని వదల్లేకపోయాడు. నేర్చుకున్నాడు. ఈ రికార్డులో సాక్సఫోన్, వేణువులతో పాటు నాదస్వరం కూడా ఆయనదే.

సాక్సఫోన్‌కి మీటలుంటాయి. నాదస్వరానికి ఏడు రంధ్రాలు, వాటి మీద వేళ్ళు, పీకలోకి తోసే ఊపిరి, అంతే. వేలు సగం మూస్తే ఒక పలుకు, పెదవి బిగిస్తే మరొకటి. గమకమంతా అక్కడే పుట్టాలి. ముందు సీటు కడ్డీ మీద మీ వేళ్ళు కూడా ఆ సగం మూతలు వెతుకుతున్నాయి, చూసుకోండి.

చిలకలూరిపేట వచ్చేసింది. హారన్లు, ఆటోలు, జీవాలు కట్టిన లారీలు. ఇది నాదస్వర విద్వాంసులు షేక్ ఆదం సాహెబ్ ఊరు. కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా ఆయన దగ్గర నేర్చుకున్నారు. తర్వాత తంజావూరు బాణీని సాధించి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అయ్యారు. రామకోవెలలోనూ పెళ్ళిపందిట్లోనూ ముస్లిం విద్వాంసుల ఊపిరి పలికిన నేల ఇది. నాకు ఈ ప్రాంతం మీద ఉన్న గౌరవంలో సగం అందుకే.

అలాంటి నాదస్వరాన్ని మనం తాళి కట్టే నిమిషానికి కుదించాం. గట్టిమేళం ఆగీ ఆగకముందే డీజే మొదలు. సన్నాయి మేళం కావాలంటాం గాని రాగం మొత్తం వినం. మ్యూనిక్ వాళ్ళకి దాని మంగళం, ముహూర్తం తెలిసినా తెలియకపోయినా, రికార్డులో దానికి సాటి వాద్యాల సరసన చోటిచ్చారు. అది నన్ను బాధపెడుతుంది, సంతోషపెడుతుంది కూడా.

బస్సు దిగాక ఇయర్‌ఫోన్లు తీసి జేబులో పెట్టేయకండి. ఈ ఊళ్ళో నాదస్వరం పట్టుకున్న కుర్రాడెవరైనా ఎదురైతే ఒకటి అతని చెవికి ఇవ్వండి. అనుకరించమని కాదు. డోలు బదులు డ్రమ్స్ పక్కన నిలబడి తోడి ఆలాపన చేస్తే ఎంత దూరం పోవచ్చో అతనే చెప్పాలి.