దుప్పులదొడ్డి - రోగనివారణము

మన కావ్యములందలి ఆశ్రమమృగములకు కంచె లేదు. అవి మునిపల్లెల చేరువ నీవారములు మేసి, దప్పి తీర్చుకొని, మరల వనమునకు పోవుచుండును. మృగము తన యిచ్చవచ్చిన చోటికి పోగలిగినంతకాలము బురదనేలను విడిచి మెరక నెక్కును. తాను మలినపఱచిన చోటును వీడి క్రొత్త పచ్చికను వెదకును. కంచె వేసిన నాడే యా స్వేచ్ఛ పోవును. ఆ స్వేచ్ఛవలన కలుగుచున్న యారోగ్యరక్షణమును పోవును. అట్లు పోయినదానిని కంచె వేసినవాడే సమకూర్పవలెను. ఈ ధర్మమును న్యూజీలాండు దేశస్థు లెంత వెల యిచ్చి నేర్చుకొనిరో చదువరులకు తెలుపదలచితిమి.

ఆ ద్వీపములందు గబ్బిలములు తప్ప నేలమీది క్షీరదము లేవియు సహజముగా లేవు. 19వ శతాబ్ది మధ్యభాగమున ఆంగ్లేయులు వేటవేడుకకై తమ దేశమునుండి ఎఱ్ఱదుప్పుల నోడలపై తెచ్చి యడవులలో విడిచిరి. అచట పులి లేదు, తోడేలు లేదు. దుప్పులు లెక్కకు మీఱి పెరిగి కొండచఱియలమీది చెట్లను, పొదలను తినివేసెను. 1930 ప్రాంతమున ప్రభుత్వమువారే వేటగాండ్రకు జీతము లిచ్చి వానిని చంపింపసాగిరి. 1960 తరువాత దుప్పిమాంసమునకు జర్మనీలో గిరాకి హెచ్చగా, చంపుటకంటె పెంచుట లాభమని రైతులకు తోచెను. 1969లో నిబంధనలు సడలెను; 1970లో మొదటి దొడ్డికి అనుమతి దొరకెను. హెలికాప్టరులనుండి వలలు ప్రయోగించి పట్టిన యడవిమృగములు మనిషి నిలువెత్తును మించిన కంచెలనడుమ చేరెను. నిన్నటి చీడ నేడు సంపద యయ్యెను.

ఎనిమిదేండ్లు గడచునప్పటికి, 1978లో, దొడ్డిదుప్పులయందు క్షయ బయటపడెను. 1882లో రాబర్టు కాక్ పండితుడు కనిపెట్టిన క్షయక్రిమికి దాయాదియైన మైకోబాక్టీరియం బోవిస్ దీనికి కారణము. ఇది పశువులనుండి పచ్చిపాలమూలమునను, శ్వాసమూలమునను మనుష్యులకును సోకగలదు. దీని రాకపోకలును ఒక వలసకథయే. బొచ్చుతోళ్ల వ్యాపారమునకై 19వ శతాబ్దిలో ఆస్ట్రేలియానుండి తెచ్చి విడిచిన పాసమ్ అను చెట్టుజంతువులలో 1967లో క్షయ కనబడెను. రోగము ముదిరిన పాసమ్ తూలుచు పట్టపగలే పచ్చికబయలికి వచ్చును. దుప్పి వింతపడి దగ్గఱకు పోయి దానిని మూర్కొనును, నాకును. అంతటితో అడవిలోని రోగము దొడ్డి చేరును. తరువాత నొక దొడ్డినుండి మఱియొక దొడ్డికి అమ్మబడిన మృగముతోపాటు రోగమును ప్రయాణము చేయును.

దీనిని నివారించుటకు మెడచర్మమున ట్యుబర్కులిన్ అను ద్రవ్యము నెక్కించి, మూడుదినములకు వాపు చూచు పరీక్ష నవలంబించిరి. ఒటాగో విశ్వవిద్యాలయమున ఫ్రాంక్ గ్రిఫిన్ అను శాస్త్రజ్ఞుడు రక్తపరీక్షను వృద్ధిచేసెను. 1985లో క్షయనివారణపద్ధతి రైతుల యిష్టమునకు విడువబడెను, 1990లో నిర్బంధమయ్యెను. నిర్బంధ మేల యని కొందఱడుగవచ్చును. పది దొడ్లు శుద్ధిగానుండి పదునొకండవది రోగమును దాచినచో ఆ పదింటి శ్రమయు బూడిదలో పోసిన పన్నీరగును. రోగము తేలిన మృగమును వధించుట, ఆ దొడ్డిపశువులను బయటికి పోనీయకుండుట, అడవియంచుల పాసమ్‌లను తగ్గించుట యను మూడు పనులును కలసియే ఫలించెను. 2055 నాటికి ఆ దేశమున ఈ రోగమును నిర్మూలింపవలెనని సంకల్పించుకొనియున్నారు.

రెండవ శత్రువు వేఱు విధమైనది. 1894లో హాంకాంగున ప్లేగుక్రిమిని కనిపెట్టిన అలెగ్జాండర్ యెర్సిన్ పేరు దాల్చిన యెర్సీనియా జాతిలో ఒక క్రిమి ఎలుకలయందును, పక్షులయందును, పైకి ఆరోగ్యముగా కనబడు దుప్పులయందును ప్రేగులలో నుండును. పేడద్వారా తడినేలను, నీటితొట్టిని చేరును. అక్కడ మార్చినెలయనగా శరత్తు. అప్పుడే పిల్లలను తల్లులనుండి వేఱుచేయుదురు. తల్లికై బెంగ, క్రొత్త మేత, బండిప్రయాణము, పిదప చలి, వాన, బురద - ఇవన్నియు నొక్కమాఱు పైబడగా పిల్ల బలహీనపడును. అదివఱకు అణగియున్న క్రిమి విజృంభించును. దుర్గంధముతోగూడిన విరేచనములు పట్టి, నిన్న గంతులువేసిన పిల్ల నేటి యుదయమునకు చచ్చిపడియుండును.

ఇన్వర్మే పరిశోధనస్థానమున కాలిన్ మకింటాష్ అను పశువైద్యుడు, గ్రిఫిన్‌తో కలసి దీనికొక టీకాను సిద్ధపఱచెను. 1990ల దశాబ్దమునుండి అది వాడుకలోనున్నది. కొన్నివారముల యెడముతో రెండుమాఱులు, చలి ముదురకమునుపే వేయవలెను. అయినను టీకా మరణములను తగ్గించునే కాని యజమానుని యలక్ష్యమును మాన్పజాలదు. నిండుమేత, పొడినేల, గాలికి చాటు, శుభ్రమైన తొట్టి, ఇఱుకులేని దొడ్డి, అదలింపులేని చేయి యను నివి యుండినచోటనే టీకా పూర్ణఫలము నిచ్చును. దుప్పి మిక్కిలి బెదురుజంతువు. కావుననే అక్కడి మెలకువగల రైతులు వానిని పట్టు కొట్టములను మసకవెలుతురుగా నుంచి, కేకలు లేక, కుక్కలను దూరముంచి పనిచేయుదురు. భయమును తగ్గించుటయు రోగనివారణమే యని వారి యనుభవము.

క్రిమి విత్తువంటిది, అది మొలచు నేలను సిద్ధపఱచునది తఱచుగా మన నిర్లక్ష్యమే. మన యావులకొట్టమునందును, పాలు కాచు పొయ్యికడను, పలువురు పిల్లల నొకగదిలో పరుండబెట్టు వసతిగృహములందును ఈ మాట చెల్లును. నోరులేని ప్రాణినైనను, చిన్నబిడ్డనైనను నాలుగుగోడలనడుమ నుంచునట్టి వారు వారికి గాలిని, నీటిని, చోటును, నెమ్మదిని ముందుగా సమకూర్చి, అటుపిమ్మటనే తలుపు వేయుదురుగాక.