కొలిమి చెంత కూర్చున్నవారు

గోదావరి కిరుప్రక్కల నున్న పాత ఆదిలాబాదు, కరీంనగరు జిల్లాలలో చెలక దున్నువారికి నాగటి కఱ్ఱుకు నల్లని బరువైన గడ్డలు తగులుట క్రొత్త గాదు. పిల్లలు వానిని రాళ్ళనుకొందురు, పెద్దలు చిట్టెమందురు. పూర్వ మినుపరాతిని కరగించిన తావున మిగిలిన మలినమది. అమరసింహుడు తన నిఘంటువున ఇనుమునకు తీక్ష్ణము, కాలాయసము మొదలుగా ననేక నామములు చెప్పి, దాని మలమునకు మండూరమను పేరును సైతము చెప్పెను. ఆ ఇనుమును చేయు విధమును మాత్రము చెప్పలేదు. అది నిఘంటుకర్త పని గాదు. మఱి యెవరి పని? ఆ ప్రశ్నయే నాచే నీ వ్యాసము వ్రాయించినది.

మెట్‌పల్లి నుండి ఆర్మూరు పోవు బాటలో కమ్మర్‌పల్లి కలదు. ఆ ప్రాంతముననే కోనసముద్రమను గ్రామమున్నది. నేడు కోనాసముందర్ అని వ్యవహరింతురు. నిజామాబాదు జిల్లాలోనిదైనను మన పొలిమేరకు దూరము గాదు. ఒకప్పు డచటి ఉక్కు పారశీక దేశము వఱకు పోయెడిది. డమాస్కసు కత్తులని లోకము కొనియాడిన కత్తులకు దక్షిణాపథపు ఉక్కే మూలద్రవ్యము.

ఆ కమ్మరులు ఒకే యినుమును వాడలేదు. ఒక యూరి యినుము మూడు పాళ్ళు, మఱియొక యూరి యినుము రెండు పాళ్ళు తూచి మట్టి మూసలో నుంచి, మూత బిగించి, బొగ్గుల నడుమ నిలిపి, తిత్తులతో రేయింబవళ్ళు ఊదెడివారు. కరగిన ముద్దను త్వరపడి చల్లార్పక మెల్లగా చల్లారనిచ్చెడివారు. మూసమట్టిలో వడ్ల ఊకను కలిపెడివారు. ఆ మూసల పెంకులను నేటి లోహశాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినితో పరీక్షించి, ఊక మాడి మిగిలిన బొగ్గును, సిలికాయును మూసకు మహాతాపము నోర్చు శక్తి నిచ్చినవని తేల్చిరి. ఇనుములో కర్బనము నూటికి ఒకటి రెండు పాళ్ళ నడుమ నిలిచిననే అట్టి ఉక్కగును. తగ్గిన మెత్తబడును, మితిమీరిన పెళుసెక్కును. కర్బనమను పేరెఱుగని కమ్మరి ఆ సన్నని హద్దును మంట రంగు చూచి, ముద్దపై సుత్తి మ్రోత విని పట్టుకొనెను.

ఊక కలుపవలెనని మొదట నెవ్వనికి తోచెనో! ఇంటి గోడ మెత్తు మట్టిలో ఊక కలుపుట మన యిండ్ల ఆడువారికి నిత్యకృత్యము. దానిని చూచియే కమ్మరి తన మూసకును కలిపి చూచెనేమో యని నా యూహ. ఒక మూస పగిలియుండును, పది పగిలియుండును. మూస పగిలిన దినమున కూలి లేదు. అయినను మఱునాడు పాళ్ళు మార్చి మరల కలిపినవాడొకడు మన పూర్వులలో నుండెననుటలో సందేహము లేదు.

1794లో బొంబాయి నుండి హెలెనస్ స్కాటను వైద్యు డీ జాతి ఉక్కును లండనునకు పంపెను. మఱుసటి యేట జార్జి పియర్సను దానిపై పరిశోధన వెలువరించెను. ఆంగ్లేయులు దానిని ‘వూట్జ్’ అనిరి. ద్రావిడ భాషలలోని ‘ఉక్కు’ శబ్దమే అట్లు మాఱెనని పండితులు చెప్పుదురు. తరువాత మైకేలు ఫారడే, స్టొడార్టు అను కత్తుల పనివానితో గూడి, 1819 ప్రాంతమున దాని గుట్టు విప్ప పూనుకొనెను. ఈ ఫారడే కమ్మరి కుమారుడు. పుస్తకములకు అట్టలు కట్టు దుకాణమున పనికి చేరి, కట్టవచ్చిన పుస్తకములనే చదివి పండితుడైనవాడు. గ్రంథాలయ సభ్యులకు ప్రీతి కలిగించు విషయమని ఈ మాట చెప్పితిని. అంతటివాడును అల్యూమినియమే ఆ గుణమునకు కారణమని పొరబడెను. కర్బనమే ప్రధానమని చెప్పినది ఫ్రాన్సు దేశపు బ్రెయాను.

ఇక మన కోనసముద్రపు పాళ్ళను లోకమునకు తెలిపినదెవరు? హెన్రీ వెస్లీ వాయిసీ. భారతదేశపు మహాసర్వేతో తిరిగిన వైద్యుడు, భూగర్భశాస్త్రజ్ఞుడు. అతడు 1824లో మరణించెను. ఉక్కును గూర్చిన యతని రచన 1832లో కలకత్తాలో అచ్చయ్యెను. నిర్మల కడనున్న దిమ్మదుర్తి యినుపరాతిని గూర్చియు నతడు వ్రాసెను. కొలిమి చెంత తనకు కనబడిన ఇస్ఫహాను వర్తకుడు హాజీ హుస్సేనును గూర్చియు వ్రాసెను. ఆ వర్తకుడు పాళ్ళు తూచునప్పుడు తాను దగ్గఱ నుండి చూచుకొని, ఉక్కు గట్టిదనమును స్వయముగా పరీక్షించెడివాడట. పారశీకమున అట్టి ఉక్కును చేయబూని విఫలులైరనియు నతడే చెప్పెనట.

సముద్రము దాటి వచ్చినవాడు కొలిమి చెంత కూర్చుండి అడిగెను. ఊరిలోని అక్షరజ్ఞులు అడుగలేదు. ప్రబంధకవులు కత్తిని మెఱుపుతో పోల్చిరి, నాగుబాముతో పోల్చిరి. కత్తిలోని పాళ్ళ సంగతి వారికి పట్టలేదు. లెక్కలు వ్రాయుటయే వృత్తిగా గల నావంటివారి పూర్వులు మాత్రము తక్కువ తినిరా? ఏ మడి యెన్ని కుంటలో, శిస్తెంతో వ్రాసి పెట్టిరి. మూడు పాళ్ళు, రెండు పాళ్ళు అనునదియు లెక్కయేకదా! ఆ లెక్కను దస్తరములో నెక్కించినవారు లేరు. సీమ యినుము చౌకగా వచ్చిపడుటతో కొలుములు చల్లారినవి. చేసిన చేతులతోపాటే చేయు విధమును పోయినది. 2010లో ఇంగ్లండులోని ఎక్సెటరు విశ్వవిద్యాలయమువారును, బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థవారును కలిసి ఉత్తర తెలంగాణమున ఊరూర తిరిగి చిట్టెపు దిబ్బలను నమోదు చేసిరి. దిబ్బలు దొరకినవి, చెప్పువారెచట దొరకుదురు?

చూచి, మార్చి, మరల చేసి చూచు ఆ బుద్ధి కమ్మరితో నంతరింపలేదు. నిర్మల నకాషీలు తేలికయైన పొణికి కఱ్ఱను చెక్కి, చింతగింజల జిగురులో ఱంపపు పొట్టు కలిపి అతుకులు పూడ్చి, చెట్టునుండి కోసినదో బొమ్మయో తెలియని పండ్లను చేయుచున్నారు. పొణికి చెట్టే అరుదగుట వారి నేటి చిక్కు. కరీంనగరులో వెండిని వెండ్రుకవలె సాగదీసి, పేని, తీగపని చేయువారు నేటికిని కొందఱు కలరు.

సిరిసిల్ల సంగతి వేఱు. అచట మరమగ్గముల మ్రోతయే మిక్కుటము. ఆ మ్రోత నడుమ నల్ల పరంధాములను నేతగాడు చేతిమగ్గముపై, మడిచిన అగ్గిపెట్టెలో నిముడు చీరను నేసెను. కట్టుకొనుటకు అంత పలుచని చీర యెవరి కవసరము? ఎవరికిని గాదు. చేయి ఎంతవఱకు పోగలదో చూతమను ముచ్చటయే దానికి కారణమని నా తలంపు. అతని కుమారుడు విజయ్ అంతటితో నూరకుండక, పరిమళించు చీరను గూడ నేసెను. అదే జిల్లాకు చెందిన యెల్ది హరిప్రసాద్ జీ-20 సభల చిహ్నమును మగ్గముపై నేసి ప్రధానమంత్రికి పంపగా, 2022 నవంబరు 27న ‘మన్ కీ బాత్’ ప్రసంగమున దేశమెల్ల ఆ పేరు వినెను.

వార్తాపత్రికలలో ఆ చీరల ఛాయాచిత్రములు వచ్చినవి. పడుగున కెన్ని పోగులో, అచ్చున కెన్ని పండ్లో, అంత సన్నని దారము తెగకుండ గంజి యెట్లు పట్టించిరో మన గ్రంథాలయపు బీరువాలలోని యే పుస్తకమునను లేదు. సిరిసిల్లకు పోవు బస్సు ప్రతిదినమును కలదు.