మర్యాద తప్పని వృత్తము

రేనాటి సీమకు అక్షరముతో గల చుట్టరికము మిక్కిలి పాతది. ప్రొద్దుటూరునకు సమీపమున నున్న కలమళ్ల గ్రామమున రేనాటి చోడరాజైన ధనంజయుని తెలుగు శాసనము క్రీ.శ. 575 ప్రాంతమున వెలసెను. గణితము తెలుగు పద్యమున నెక్కుటకు మాత్రము మరికొన్ని శతాబ్దములు పట్టినది. మహావీరాచార్యుల సంస్కృత గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనిగించి యా లోటు దీర్చెను. నేటి గణితమునందలి యొక గంభీర విషయమునకు ఇంకను మన భాషలో పేరైనను స్థిరపడలేదు. పాశ్చాత్యులు దానిని ప్రాపర్ హోలోమార్ఫిక్ మాపు అందురు. దాని చరిత్రలో నొక ముఖ్యఘట్టము, మచిలీపట్నమున జన్మించిన యొక తెలుగువాడు పెంచిన విద్యాలయమున జరిగినది. కనుక ఆ ముచ్చట మన గ్రంథాలయ సంచికలో నుండదగును.

మర్యాద యనగా లోకమున మన్నన; శాస్త్రమున హద్దు. పాణిని ‘ఆ’ యను శబ్దమునకు మర్యాద యనియు అభివిధి యనియు రెండర్థములు చెప్పెను. ‘పెన్న వరకు’ అనినప్పుడు పెన్నను విడిచినచో మర్యాద, పెన్నను గూడ కలుపుకొన్నచో అభివిధి. ఈ భేదము తెలియక వ్రాసిన దస్తావేజుల వలన ఎన్ని వ్యాజ్యములు పుట్టినవో కోర్టుల కెక్కినవారికి తెలియును. గణితజ్ఞుల వృత్తఫలకము మర్యాదను పాటించునది. గీత లోపలి చోటంతయు దానిదే, గీత మాత్రము దానిది కాదు.

ఇక పటమును తలచుకొనుడు. పూర్వపు పులివెందుల తాలూకాలో నొకడు నడుచుచు పొలిమేరను సమీపించినకొలది, పటముపై వాని గురుతు కూడ పటపు టంచునకే చేరవలెను. వాడు పొలిమేర చేరుచుండగా గురుతు పటము నడుమ నిలిచినచో ఆ పటము తప్పు. హద్దు హద్దునకే పోవుట యను నీ గుణమే ప్రాపర్ అను మాటకు అర్థము. హోలోమార్ఫిక్ అనునది మరియొక కట్టుబాటు. సంకీర్ణ సంఖ్యల తలముపై, కొన్ని విడి బిందువులను మినహాయించి, ఎచ్చట సూక్ష్మముగా జూచినను ఎల్ల దిక్కులను ఒకే పాళ్ల పెంచి త్రిప్పునదే గాని వంకరగా సాగదీయనిదని గ్రహించిన చాలును.

వృత్తమును వృత్తములోనికే ఇట్లు పంపు విధములన్నింటిని ఫ్రాన్సు దేశీయుడు ఫాటూ 1923లో నిర్ణయించెను. అవి పరిమితమైన కొన్ని సరళ గుణకముల లబ్ధములు. వానిని బ్లాష్కె లబ్ధములందురు. ఒక వృత్తము తనపై తాను రెండు పొరలుగానో పది పొరలుగానో పరచుకొనవచ్చును. రెండు చరరాశుల గోళమునకు వచ్చుసరికి ఆ స్వేచ్ఛ పోయినది. గోళమును గోళములోనికి మర్యాద తప్పక పంపునది ఒకే పొరగా, తిరిగి వెనుకకు మరలింపదగినదిగా మాత్రమే యుండునని 1977లో అలెగ్జాండరు నిరూపించెను. చరరాశులు పెరిగినకొలది స్వేచ్ఛయు పెరుగునని తలచువారికి ఇది వింతయే.

వృత్తమును గట్టులేని అనంత దేశమున పరచుట ఎట్లు? అచ్చట హద్దు అనంతమే. ఎంత దూరమున కంచె వేసినను, వృత్తపు టంచును సమీపించు బిందువు ఆ కంచెను దాటి వెలుపలనే యుండిపోవలెను. ఒకే చరరాశితో నిది అసాధ్యము. ఏలయన, అంచున ప్రమేయపు విలువ ఎల్లెడల మేరమీరి పెరిగినచో, అది సున్నయగు చోట్లు కొలదియే యుండును. వానిని తొలగించి తలక్రిందులు చేసిన ప్రమేయము అంచున ఎల్లెడల సున్నకు దిగును. హోలోమార్ఫిక్ ప్రమేయము అంచున అంతటను సన్నగిల్లి లోపల మాత్రము ఎత్తుగా నుండజాలదు. కావున అది లోపలను సున్నయే కావలెను, అది విరుద్ధము. చరరాశులు పెక్కుగా నున్నచో చిక్కు విడును. జొన్నచేనికి ముగ్గురు కాపరులున్నచో ఒకడు మంచెపై కునికినను వేరొకడు మేలుకొని యుండును. అట్లే యొక చరరాశి చిన్నదైన తావున మరియొకటి పెద్దదై భారము మోయును.

ఇంతకు ఆ తెలుగువాడు కొమరవోలు చంద్రశేఖరన్. 1920 నవంబరు 21న జన్మించి, మద్రాసున చదివి, అమెరికాలోని ప్రిన్‌స్టను విద్యాసంస్థలో నుండగా, హోమీ భాభా పిలుపుపై 1949లో బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థకు వచ్చెను. గణిత విభాగమును ఆయన కట్టిన తీరు మెచ్చదగినది. విదేశపు పండితులను రప్పించి, వారు చెప్పిన పాఠములను పడుచు విద్యార్థులచే వ్రాయించి, పుస్తకములుగా అచ్చొత్తించెను. చెప్పినవాని కంటె వ్రాసినవానికే యెక్కువ మేలు గలుగు పద్ధతి యది. ఫ్రాన్సు నుండి వచ్చిన మాల్‌గ్రాంజు పెక్కు సంకీర్ణ చరరాశుల ప్రమేయములపై చెప్పిన పాఠములు 1958లో వెలువడినవి. వానిని వ్రాసినవాడు రాఘవన్ నరసింహన్. 1937లో జన్మించిన మద్రాసువాడు. లయోలా కళాశాలలో ఎలీ కార్తాను శిష్యుడైన రాసీను పాదరీ వద్ద చదివి వచ్చినవాడు.

రెండేండ్లు గడచినవి. 1960లో, ఇరువదిమూడేండ్ల ప్రాయమున, డాక్టరు పట్టము ఇంకను చేతికి రాకమునుపే, నరసింహన్ వ్యాసము అమెరికా గణిత పత్రికలో అచ్చుపడినది. హోలోమార్ఫిక్ ప్రమేయములు సమృద్ధిగా గల స్టైను దేశములను, వంకలున్నవానిని సహితము, మర్యాద తప్పక అనంత దేశమున నిలుపవచ్చునని అందు నిరూపింపబడెను. దేశపు పరిమాణమునకు రెట్టింపు చేసి ఒకటి కలిపిన చాలును. వృత్తము ఏకపరిమాణము, కనుక మూడు చరరాశులు. జర్మనీలో రెమ్మెర్టు 1956లో ఈ దారి తెరచెను. అమెరికాలో బిషపు 1961లో వేరుదారిన ఇచ్చటికే వచ్చెను. నేడు ఈ మువ్వురి పేర్లు సిద్ధాంతమున కలిసియే నిలిచినవి. 1963లో చంద్రశేఖరన్ శిష్యునిగా నరసింహన్ పట్టము నొందెను. గురువు 1965లో జ్యూరికునకు, శిష్యుడు తరువాత చికాగోకు వెడలిరి. గురువు 2017లో జ్యూరికునందును, శిష్యుడు అంతకు రెండేండ్ల ముందు, 2015లోను గతించిరి.

మూడు చరరాశులు చాలునని తేలినది గదా, రెండు చాలవా? వృత్తము మట్టునకు చాలునని జపాను దేశీయులు కసహారా, నిషినో 1969 నాటికి తెలిపిరి. అలెగ్జాండరు 1977లోనే దానికి స్పష్టమైన సూత్రము వ్రాసి చూపెను. కాని వృత్తమువలెనే ఏకపరిమాణమై, అంతము లేక తెరచియున్న రీమాను తలములు వేనవేలు గలవు. 1990లో బెల్, నరసింహన్ గూడి ఈ ప్రాపర్ చిత్రణములపై విపులమైన సమీక్ష వెలువరించిరి. అట్టి తలముల నన్నింటిని రెండు చరరాశుల దేశమున, తమ్ము తాము ఖండించుకొనకుండ, మర్యాద తప్పక పరచవచ్చునా యను ప్రశ్నకు వారి పేర్లే నిలిచినవి. అది నేటికిని తీరలేదు.